తొమ్మిది వందల కిలోల నిద్ర

జూన్ 2, సోమవారం

వదినా,

క్షేమమా అని అడగను. నీ క్షేమం సంగతి మొన్న అన్నయ్యే ఫోనులో అరగంట చెప్పాడు. నీతో మాట్లాడదామని చేస్తే ప్రతిసారీ ఆ మహానుభావుడే ఎత్తుతాడు. తిన్నావా, పడుకున్నావా, తలుపు గడియ గట్టిగా ఉందా అని అడిగి, ఆఖర్న మీ వదిన స్నానానికి వెళ్ళిందని పెట్టేస్తాడు. పైగా ఇక్కడ సిగ్నలు అందాలంటే నీళ్ళ ట్యాంకు మెట్లెక్కాలి. బడిలో వెయ్యిమంది పిల్లల చేత డ్రిల్లు చేయించే గొంతు కదా, ఫోనులోంచి వినపడినా కింద ఆవులన్నీ తలెత్తి చూస్తున్నాయి. అందుకే ఉత్తరం. నువ్వూ ఉత్తరమే రాయి.

పశువుల డాక్టరుగా ఈ ఫారంలో చేరి పదకొండు రోజులైంది. క్వార్టరు బాగానే ఉంది. రెండు గదులు, ఒక కిటికీ. కిటికీ తెరిస్తే కొట్టం. మొదటిరోజు పొద్దున్నే తలుపు తోశానా, గంపంత మొహం ఒకటి ఎదురుగా నెమరు వేస్తూ నన్నే చూస్తోంది. నమస్కారం పెట్టేశాను. చెయ్యి దానంతటదే లేచింది, నా తప్పు కాదు. ఆయనే ఈ ఫారానికి పెద్ద దిక్కు, విత్తనపు ఆంబోతు. బరువు తొమ్మిది వందల కిలోలు. ఎవరు ఎదురుగా నిలబడ్డా తీర్పు చెప్పబోతున్నట్టు చూస్తాడని అందరూ జడ్జిగారు అంటారు.

జడ్జిగారికి వెనక కుడికాలి గిట్టలో పుండు. నెలన్నరగా కుంటుతున్నాడు. లోపల ఏదో గుచ్చుకుని చీము పట్టింది. కోసి శుభ్రం చెయ్యాలి. ఇనప చట్రంలో నిలబెట్టి కాలెత్తబోతే చట్రం వంగింది. ఇక మత్తిచ్చి పడుకోబెట్టడమే దారి. కానీ ఇక్కడ మత్తు అన్నమాట వింటే చాలు, కొట్టం మేస్త్రి మొహం తిప్పుకుంటాడు. నాకు ముందున్న డాక్టరు నిరుడు ఒక పాడి ఆవుకి మత్తిచ్చాడు. అది మళ్ళీ లేవలేదు. ఈ మేస్త్రేమో జడ్జిగారిని దూడప్పుడు సీసాతో పాలు పట్టి పెంచినవాడు. ఆ సూదేదో ముందు తనకి వెయ్యమన్నాడు.

సూపరింటెండెంటుగారి దగ్గర ఇంకో దారి ఉంది. నెలాఖరుకి సరిగ్గా నడవకపోతే పనికిరాని పశువుల జాబితాలో పేరెక్కిస్తారట. ఆ జాబితా ఎక్కినవి లారీ ఎక్కుతాయి. తిరిగి రావు.

నువ్వు పదేళ్ళుగా మనుషులకి మత్తిస్తున్నావు. నేనిచ్చినవి మొత్తం రెండు, అవీ దూడలు, అదీ కాలేజీలో మాస్టారు పక్కనుండగా. ఎలా ఉంటుంది వదినా, ఒక ప్రాణిని నిద్రపుచ్చి పక్కన నిలబడడం? భయం ఎక్కడ పెట్టుకుంటావు?

నీ ఆడపడుచు
(ఐదడుగుల ఒక అంగుళం. చట్రం ఎక్కితే ఏడడుగులు.)


జూన్ 7, శనివారం

శ్రీమత్సకల పశుగణ వైద్యశిఖామణి అయిన ఆడపడుచుగారి సముఖానికి వదినగారు రాయించుకోకుండా స్వయంగా రాస్తున్నది.

ఇప్పుడే ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చాను. ఇంకా తల మీద టోపీ కూడా తియ్యలేదు. పొద్దున్నుంచి నాలుగు కేసులు. అయినా ఆడపడుచు అడిగితే కాదంటే ఇంకేమన్నా ఉందా, కాపురం చెయ్యాలి కదా.

లెక్క చూశాను. మీ అన్నయ్య డెబ్బై రెండు కిలోలు. నీ జడ్జిగారు సరిగ్గా పన్నెండున్నర మంది అన్నయ్యలు. ఈ లెక్క వెయ్యగానే నాకు కళ్ళు తిరిగాయి. ఒక్కరితోనే వేగలేకుండా ఉన్నాను. కాబట్టి పన్నెండున్నర మందికి సరిపడా మందు సిద్ధం చేసుకో. ఆరు గంటల ముందు నుంచి ఏమీ పెట్టకు. వెల్లకిలా చక్కగా పడుకోబెట్టు. మందు చాలలేదనిపిస్తే ఇంకొంచెం ఇవ్వు. అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

భయం ఎక్కడ పెట్టుకుంటావని అడిగావు. థియేటర్ బయట చెప్పులు విడుస్తాం కదా, దాన్నీ అక్కడే విడుస్తాను. వచ్చేటప్పుడు ఒక్కోసారి తొడుక్కోవడం మర్చిపోతాను కూడా.

భయమంటే మీ అన్నయ్యది. పోయిన వారం బడిలో మాస్టర్లందరికీ రక్తపరీక్ష పెట్టారు. సూది కనిపించగానే పళ్ళ మధ్య డ్రిల్లు విజిలు పెట్టుకున్నారట, అరవకుండా ఉండడానికి. సూది దిగింది, విజిలు మోగింది. మైదానంలో మూడు తరగతుల పిల్లలు గబగబా వరసల్లో నిలబడిపోయారు. హెడ్మిస్ట్రెస్ గారు ఇంకా నవ్వుతూనే ఉన్నారట.

ధైర్యంగా చెయ్యి. 

మీ వదిన


జూన్ 13, శుక్రవారం

వదినా,

నీ ఉత్తరం ఇక్కడ ఎంత ఉపకారం చేసిందో నీకు తెలియదు. నువ్వు చెప్పినట్టు చేస్తే జడ్జిగారిని మూడుసార్లు చంపొచ్చు.

ఒకటొకటిగా చెప్తాను, కోపం తెచ్చుకోకు. ఆరు గంటలు పస్తు పెడితే మీ రోగుల పొట్ట ఖాళీ అవుతుందేమో. వీళ్ళ మొదటి పొట్ట ఒక్కటే నీళ్ళ డ్రమ్మంత. ఒక రోజు పైగా మేత ఆపినా అది ఖాళీ కాదు, కాస్త తగ్గుతుంది, అంతే. మామూలుగా అందులో పుట్టే గాలిని త్రేన్చుకుంటూ ఉంటాడు. మత్తులో త్రేన్చలేడు. గాలి పేరుకుని కడుపు ఉబ్బి ఊపిరితిత్తుల్ని నొక్కేస్తుంది. వెల్లకిలా పడుకోబెడితే ఆ పొట్ట బరువంతా వెళ్ళి గుండె మీద కూర్చుంటుంది. లోపలి మేత గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి జారితే ఆపరేషన్ బాగా జరిగినా నాలుగు రోజులకి న్యుమోనియాతో పోతాడు. ఇక మందు సంగతి. మేం వాడే మందుకి గుర్రం గట్టిది, పశువు చాలా సుకుమారం. గుర్రానికిచ్చే దాంట్లో పదో వంతు చాలు. ముందున్న డాక్టరు గుర్రాల దగ్గర పనిచేసి వచ్చినాయనట. చెయ్యి అలవాటు కొద్దీ పోశాడు. కాస్త ఆలస్యమయ్యేసరికి, నువ్వు చెప్పినట్టే, ఇంకొంచెం ఇచ్చాడు. ఆవు పడుకోగానే టీ తాగడానికి వెళ్ళాడు.

పన్నెండున్నర మంది అన్నయ్యల దగ్గర నుంచి ఆఖరుదాకా నీ ఉత్తరం మేస్త్రికి చదివి వినిపించాను. నేనొచ్చాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, ఆ డాక్టరమ్మ చెప్పినట్టు చెయ్యనని మాటిస్తే ఒప్పుకుంటానన్నాడు. మాటిచ్చాను. క్షమించు.

ఏర్పాట్లన్నీ అయ్యాయి. టేపుతో ఛాతీ చుట్టుకొలత మూడుసార్లు తీసి బరువు సరిచూశాను. విరుగుడు మందు తెప్పించాను. పొట్టలో గాలి తీసే గొట్టం, ఇసక బస్తాలు, పాత పరుపు అన్నీ ఉన్నాయి. ఎండెక్కితే మత్తులో ఒంటి వేడి పెరుగుతుంది కాబట్టి పొద్దున్నే పెట్టుకున్నాం. కాగితం అయిపోయింది, మిగిలింది బయట మడత మీద రాస్తాను.

నీ ఆడపడుచు

(కవరు బయటి మడత మీద)

బుధవారం ఉదయం ఏడింటికి ఆపరేషన్. పెద్దదే. తిరిగి లేవడం అనేది మన చేతిలో లేదు కదా. అన్నయ్యకి మాత్రం చెప్పకు, కంగారు పడతాడు.


జూన్ 17, మంగళవారం, సాయంత్రం

నీకు,

మీ అన్నయ్య ఇల్లు వదిలి వెళ్ళిపోయారు.

నేను ఆస్పత్రి నుంచి వచ్చేసరికి బల్ల మీద చీటీ ఉంది. మాట పొల్లుపోకుండా రాస్తున్నాను. "నాకంతా తెలిసిపోయింది. ఇంత పెద్ద విషయం నా దగ్గర దాచడం ఏం బాగాలేదు. నా మనసేం బాగాలేదు. వెళ్తున్నాను." కింద సంతకం. భార్యకి రాసిన చీటీలో సంతకం పెట్టే మనిషి. ఫోను చేస్తే పడగ్గదిలో మోగింది, చార్జరుకి తగిలించి వదిలేశారు. బడికి వెళ్ళి అడిగితే కుటుంబ విషయమని మూడు రోజులు సెలవు పెట్టారన్నారు. బీరువాలో రెండు చొక్కాలు లేవు. విజిలు లేదు. బుట్టలో ఉన్న కమలాపండ్లు డజనూ లేవు. కోపంతో ఇల్లు వదిలే మనిషి కమలాలు ఎందుకు పట్టుకెళ్తారో నాకు అర్థం కాలేదు.

ఇంకెక్కడికి వెళ్తారు, నీ దగ్గరికే వచ్చుంటారు. నా గురించి చెప్పే ఉంటారు. ఆయన నోట విన్నదాని కంటే నా నోట వినడం మేలని రాస్తున్నాను. మీ ఫారానికి వచ్చే పాల లారీ డ్రైవరు రేపు పొద్దున బయలుదేరుతున్నాడట, అతని చేత పంపిస్తాను.

నీకు మొన్న టోపీ కూడా తియ్యలేదని రాశాను కదా. టోపీ పెట్టుకుంటేగా తియ్యడానికి. పదకొండు వారాలుగా నేను థియేటర్ గడప తొక్కలేదు.

మార్చి నెలాఖరున ఒక ముసలాయన, దర్జీ, హెర్నియా ఆపరేషన్‌కి వచ్చాడు. చిన్న కేసు. పడుకునే ముందు నా కోటు గుండీ వదులుగా ఉందని చెప్పాడు. మత్తిచ్చిన పావుగంటకి ఆయన గుండె ఆగింది. నాలుగు నిమిషాలు. మళ్ళీ కొట్టుకుంది. ఎనిమిదో రోజున తన కాళ్ళ మీద తనే నడిచి ఇంటికెళ్ళాడు. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అన్నీ సరిగ్గానే చేశానని పెద్ద డాక్టరుగారు రాసిచ్చారు కూడా. ఆయన గుండె ఆగిన మర్నాడు పొద్దున సిరంజి పట్టుకున్నాను, చెయ్యి వణికింది. పక్కన పెట్టేసి గొంతు బాగాలేదని చెప్పాను. గొంతుకీ మత్తుకీ సంబంధం ఏమిటని ఎవరూ అడగలేదు, అంత మంచివాళ్ళు. అప్పట్నుంచి కింద ఓపీ గదిలో కూర్చుని రోజుకి అరవైమందికి బీపీ చూస్తున్నాను. ఇంట్లో మాత్రం ఈరోజు నాలుగు కేసులు, ఐదు కేసులు అని చెప్తున్నాను. చెప్పగా చెప్పగా కేసుల సంఖ్య పెరుగుతోంది కూడా.

నువ్వు భయం ఎక్కడ పెట్టుకుంటావని అడిగిన ఉత్తరం ఆ ఓపీ బల్ల దగ్గరే చదివాను. జవాబు కూడా అక్కడే రాశాను, బీపీకి బీపీకి మధ్య.

ఆయనకి ఎలా తెలిసిందో తెలియదు. కోపంగా ఉన్నారా? అన్నం తిన్నారా?

వదిన


జూన్ 18, బుధవారం, మధ్యాహ్నం

నా బంగారు వదినా,

జడ్జిగారు లేచాడు. ముందు ఆ మాట రాసి తర్వాత గాలి పీల్చుకుంటాను. లేచాడు, నిలబడ్డాడు, నన్ను చూశాడు, శిక్ష ఏమీ వెయ్యలేదు.

రెండో సంగతి, అన్నయ్య ఇక్కడున్నాడు. నువ్వేం కంగారు పడకు. ఈ రెండు సంగతులూ ఒకే కథ.

నిన్న పొద్దున్నుంచీ మేత ఆపాం, రాత్రికి నీళ్ళూ ఆపాం. జడ్జిగారు ఆకలితో కొట్టమంతా దద్దరిల్లేలా అరిచాడు. మేస్త్రి ఆయన కంటపడకుండా స్టోరు గది వెనక నక్కి రొట్టె తిన్నాడు, వాసన తగిలితే బాధపడతాడని. ఏడింటికి మెత్తటి ఇసక నేల మీదికి తీసుకొచ్చాం. మందు లెక్కకట్టి ఇచ్చాను. సిరంజిలో చూస్తే అడుగున ఇన్ని చుక్కలు. ఇంతేనా అని మేస్త్రి కళ్ళతోనే అడిగాడు.

ఆ తర్వాత పావుగంట, ఇరవై నిమిషాలు ఎవరూ చప్పుడు చెయ్యకూడదు. పశువు బెదిరిందంటే మందు పట్టదు. అందరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. చెవులు వాలాయి. కింది పెదవి వేలాడింది. నోట్లోంచి చొంగ సాగుతూ నేలకి తగిలింది. తల ఇంకో జానెడు దిగితే మోకాళ్ళు మడిచేవాడే.

సరిగ్గా అప్పుడు గేటు దగ్గర్నుంచి "చెల్లీ, నేనొచ్చేశాను, ఎక్కడ పడుకోబెట్టారమ్మా నిన్ను" అని ఒక గొంతు.

జడ్జిగారు పూర్తిగా కళ్ళు తెరిచాడు. మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. అన్నయ్య కమలాల సంచీ పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చి, నన్ను పైనుంచి కిందిదాకా చూసి, తర్వాత ఆంబోతుని చూసి, ఎంతో నెమ్మదిగా అడిగాడు.

"ఆపరేషన్ నీకు కాదా?"

నీకు రాసిన ఉత్తరం నీ చేతికి అందలేదు వదినా. అది ఆయన చేతిలో పడింది. పరాయివాళ్ళ ఉత్తరం విప్పకూడదని విప్పలేదట, ఎంత నిజాయితీ చూడు. కానీ బయటి మడత మీద నేను రాసింది మాత్రం కనిపించింది. బుధవారం ఆపరేషన్, తిరిగి లేవడం మన చేతిలో లేదు, అన్నయ్యకి చెప్పకు. ఇంకేం కావాలి. నువ్వూ నేనూ కలిసి దాస్తున్నామని కోపంతో నీకో చీటీ రాసిపెట్టి బస్సెక్కేశాడు. విప్పని ఆ ఉత్తరం చొక్కా జేబులోంచి తీసి నాకే ఇచ్చాడు, దాన్నీ ఇందులోనే పెట్టి పంపుతున్నాను.

ఇక్కడ నవ్వులు అయిపోయాయి. జడ్జిగారు మత్తుకీ మెలకువకీ మధ్య ఊగుతున్నాడు. ఇంకొంచెం వెయ్యండమ్మా అని మేస్త్రే బతిమాలడం మొదలుపెట్టాడు. నా చెయ్యి సిరంజి దాకా వెళ్ళింది కూడా. నిరుడు ఆ ఆవు సరిగ్గా ఈ ఇంకొంచెం దగ్గరే పోయింది. ముందు ఇచ్చింది ఎక్కడికీ పోదు, లోపలే ఉంటుంది. రెండూ కలిసి ఒక్కసారి పట్టుకుంటాయి. వద్దన్నాను. అన్నయ్యని నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడమన్నాను. నిలబడ్డాం. గడియారం చూసుకుంటే ఇరవై ఆరు నిమిషాలు. నా జీవితంలో ఇంత పొడుగు నిమిషాలు చూడలేదు. జడ్జిగారు ఒక నిట్టూర్పు విడిచి, ముందు మోకాళ్ళు మడిచి, తాళ్ళు కాస్త లాగగానే పరుపు మీదికి ఒరిగాడు.

కుడి పక్కకి పడుకోబెట్టాం, పొట్ట ఎడమవైపు ఉంటుంది కాబట్టి పైకి ఉండేలా. మెడ కింద బస్తా పెట్టి, చొంగ బయటికి కారిపోయేలా మూతి కిందికి వాల్చాం. కళ్ళ మీద గుడ్డ కప్పాం. ఆ తలని కదలకుండా పట్టుకోవడానికి బలమైన చేతులు కావాలి. నీ భర్తగారివి ఉన్నాయి కదా. ఊపిరి లెక్కపెట్టమని కూర్చోబెట్టాను. ఒకటి, రెండు, మూడు అని డ్రిల్లు పాఠంలా గొణుగుతూ గంటసేపు కదల్లేదు. సూదులు కనపడకుండా ఆకాశం వైపు చూస్తూ లెక్కపెట్టాడు. బూట్ల నిండా చొంగ.

మత్తులో ఉన్నా నొప్పి తెలుస్తుంది, తన్నగలడు కూడా. అందుకని కాలికి రబ్బరు గొట్టం బిగించి గిట్ట వరకూ మొద్దుబారే మందు వేరే ఇచ్చాను. కోశాను. చీముతో పాటు చిటికెన వేలంత ఇనప తీగ ముక్క బయటికొచ్చింది. దాన్ని చూసి సంతోషించేలోపే మేస్త్రి ఎడమ డొక్క మీద చేత్తో కొట్టాడు. డోలు మోగినట్టు మోగింది. గాలి. నేను కత్తి పారేసి గొట్టం అందుకున్నాను. చేతులు ఎలా వణికాయో చెప్పలేను వదినా. రెండుసార్లు తప్పింది. మూడోసారి నోట్లోంచి పొట్టలోకి దిగింది. దాని రెండో కొస ఎటు తిరిగి ఉందో చూసుకోలేదు. అది అన్నయ్య మొహం ముందుంది. అంత గాలీ ఒక్కసారి వచ్చింది. ఒక రోజు పులిసిన గడ్డి గాలి. ఆయన జుట్టు వెనక్కి లేచింది. లెక్క మాత్రం ఆపలేదు. నాలుగు వందల నలభై మూడు, నాలుగు వందల నలభై నాలుగు.

కట్టు కట్టి, అదే కాలికున్న రెండో, మంచి గిట్ట చీలికకి చెక్కముక్క అంటించాను, బరువంతా దాని మీద పడి పుండు నేలకి తగలకుండా. విరుగుడు మందు ఇచ్చి, ఛాతీ మీద కూర్చోబెట్టి, ఒరిగిపోకుండా బస్తాలు పెట్టాం. పన్నెండో నిమిషంలో జడ్జిగారు త్రేన్చాడు. ఆ త్రేన్పు విని మేస్త్రి ఏడ్చేశాడు. తర్వాత లేచాడు. ఈ మందు వల్ల మూత్రం ఎక్కువవుతుందని చదివాను కానీ ఇంత అనుకోలేదు. రెండు నిమిషాలు. ఎవరో తీసి పక్కన పెట్టిన కమలాల సంచీ సరిగ్గా అక్కడే ఉంది.

అన్నయ్యకి ఇంకో రెండు రోజులు సెలవుందట, ఉంటానంటున్నాడు. ఇప్పుడు జడ్జిగారి ఎదురుగా కూర్చుని క్షమాపణ చెప్తున్నాడు.

నీ ఆడపడుచు


జూన్ 20, శుక్రవారం

వదినా,

నిన్న సాయంత్రం పాల లారీ అతను నీ ఉత్తరం ఇచ్చాడు. అన్నయ్య పక్కనే ఉన్నాడు. ఎవరు రాశారంటే మందుల కంపెనీ అన్నాను. గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని చదివాను. కమలాల దగ్గరిదాకా నవ్వాను. తర్వాత నవ్వలేదు.

అన్నయ్యకి ఏమీ తెలియదు. చీటీలో రాసిన పెద్ద విషయం నాది, నీది కాదు. నిన్న కూడా మేస్త్రితో నీ గొప్పలు చెప్తున్నాడు, మా ఆవిడ రోజుకి ఆరుగురిని నిద్రపుచ్చి ఆరుగురినీ లేపుతుందని. నేను నోరు విప్పలేదు, విప్పను. అది నువ్వు చెప్పాల్సిన మాట.

నీకు ధైర్యం చెప్పేంత అనుభవం నాకు లేదు. జరిగింది ఒకటి చెప్తాను. బుధవారం అంతా సర్దేశాక మేస్త్రి నాకు చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పోశాడు. అప్పటికీ వేళ్ళు వణుకుతూనే ఉన్నాయి. దాచుకోబోయాను. ఆయన చూశాడు. "వణికితే వణకనీ అమ్మా. కళ్ళు మాత్రం వాడి మీద నుంచి తియ్యలేదు మీరు. నిరుటి డాక్టరు చేతులు వణకలేదు, ఆయన అక్కడ లేడు" అన్నాడు.

ఆ నాలుగు నిమిషాలు నువ్వు అక్కడే ఉన్నావు కదా వదినా. ఎక్కడికీ వెళ్ళలేదు కదా. దర్జీగారు నడిచి వెళ్ళింది ఆ నాలుగు నిమిషాల వల్లే. నువ్వు రాసిన ఉత్తరంలో ఆయన గుండె ఆగడం, ఆ తర్వాత నీ భయం బోలెడు వాక్యాలున్నాయి, మళ్ళీ కొట్టుకోవడం రెండే మాటలు. నాకు ఆ రెండు మాటలే పెద్దగా కనిపించాయి.

ఇక్కడి సంగతి. పొద్దున సూపరింటెండెంటుగారు వచ్చారు. జడ్జిగారు చెక్క చెప్పుతో టక్ టక్ మంటూ కొట్టం ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి చూపించాడు. కుంటు ఉంది, కానీ పుండు కాలు నేల మీద పెడుతున్నాడు. ఆయన జేబులోంచి జాబితా తీసి, పెన్ను తీసి, ఒక పేరు కొట్టేసి వెళ్ళిపోయారు. మేస్త్రి నాకు టీ తెచ్చాడు.

అన్నయ్య రేపటి బస్సుకి వస్తున్నాడు. బూట్లు మాత్రం ఇక్కడే పారేశాం.

నీ ఆడపడుచు


జూన్ 30, సోమవారం

పిల్లా,

నీ రెండు ఉత్తరాలూ పెళ్ళిపత్రికల్లా దాచుకున్నాను. మొదటిది చదువుతూ ఓపీలో ఒక పెద్దావిడ చేతికి బీపీ పట్టీ కట్టి మర్చిపోయాను. నేను ఎందుకు నవ్వుతున్నానో తెలియక ఆవిడ బీపీ నిజంగానే పెరిగింది.

మీ అన్నయ్య వచ్చిన రోజే చెప్పేశాను. ఆయన కాళ్ళకి చెప్పుల్లేవు, ఒంటి నిండా గడ్డి వాసన, గుమ్మంలోనే ఉన్నారు. కూర్చున్నాక చెప్తే ధైర్యం పోతుందేమోనని అక్కడే మొదలుపెట్టాను. మొత్తం విన్నారు. విని, పదకొండు వారాలూ అన్నం ఎక్కడ తిన్నావని అడిగారు. క్యాంటీన్లో అన్నాను. థియేటర్ వాళ్ళతో కూర్చుని తినేదానివి కదా, ఒక్కదానివే తిన్నావా అన్నారు. అప్పుడు ఏడ్చాను. దర్జీ గురించి కాదు, క్యాంటీను గురించి. తర్వాత ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండడం మీ ఫారంలో నేర్చుకున్నారేమో, ఇంతకు ముందు లేదు.

ఈ రోజు పొద్దున పెద్ద డాక్టరుగారి గదికి వెళ్ళి గొంతు తగ్గిందని చెప్పాను. సంతోషం, మూడో నంబరు థియేటర్‌లో పేరు రాశాను అన్నారు. బోర్డు చూస్తే నా పేరు ఎప్పుడో రాసి ఉంది, సుద్ద గీతల మీద దుమ్ము కూడా పట్టింది.

మొదటి కేసు ఒక రొట్టెల దుకాణం ఆవిడ, పిత్తాశయం. బల్ల మీద పడుకున్నా ఆవిడ నోరు పడుకోలేదు. ఒక చేతికి సూది గుచ్చనిస్తూ రెండో చెయ్యి తిప్పుతూ మాట్లాడుతోంది. నా చెయ్యి కాస్త వణికింది. ఆవిడ చూడలేదు, కథలో ఉంది. పక్కింటావిడ వీళ్ళ నిచ్చెన పట్టుకెళ్ళిందట. ఆరు నెలలైందట. దీపం బల్బు మార్చడానికి కూడా దిక్కులేదట. నేను మందు ఎక్కిస్తున్నాను. "నిన్న ఇక ఉండబట్టలేక వెళ్ళి మా నిచ్చెన ఏదమ్మా అని అడిగితే, డాక్టరమ్మా, ఆవిడ ఏమందో తెలుసా" అంది, నిద్రపోయింది.

గంటా నలభై నిమిషాలు. తెర మీద ఆవిడ గుండె కొట్టుకుంటుంటే ఒక్కో చప్పుడుకీ నా గుండె కూడా లెక్క కలుపుకుంది. కళ్ళు తియ్యలేదు. మధ్యలో సర్జన్‌గారు ఏదో జోకు వేశారు, నాకు వినపడలేదు. ఏమని ఉంటుంది ఆ పక్కింటావిడ, ఇచ్చేశానందా, విరిగిపోయిందందా, అదే ఆలోచన. అది తెలియాలంటే ఈవిడ లేవాలి. నేను లేపాలి.

కుట్లు పడ్డాయి. మందు ఆపాను. గొట్టం తీశాను. చెవి దగ్గర వంగి లేవండమ్మా, అయిపోయింది అన్నాను. కనురెప్పలు కదిలాయి. ఒకసారి దగ్గింది. కళ్ళు పూర్తిగా తెరవకుండానే చెయ్యి కొద్దిగా పైకెత్తి, తిప్పి, అంది కదా,

"ఏ నిచ్చెన, అంది."

మీ వదిన